చెవులు రెండు - పెట్టెలు పండ్రెండు

కోర్కెకు మేర లేదని పెద్దలు చెప్పిన మాటకు ఈనాడు ప్రతి పట్టణమందును, ప్రతి పెద్దగ్రామమందును ఒక క్రొత్త నిదర్శనము కానవచ్చుచున్నది. అది యిండ్లలో నెలకొల్పుచున్న హోంథియేటరు. గోడనిండ టెలివిజను, దాని కిరుప్రక్కల స్పీకర్లు, మూలను గుండె లదరజేయు సబ్‌వూఫరు, వీని నన్నిటిని నడపు రిసీవరు. ఇవి యింటికి వచ్చిననాటి సంతోషము ఆరుమాసములైన నిలుచుట లేదు. అంతలో ఇంతకన్న మెరుగైనది అంగడికి వచ్చినదని వినవచ్చును. విన్నది మొద లింటనున్నది చెవికి వెలితిగా తోచును. దానిని మార్చినగాని మనసు కుదుటపడదు. మార్చిన పిమ్మట దాని ప్రక్కనున్నది వెలితిగా తోచును. కొత్తొక వింత, పాతొక రోత యన్న సామెత యింతగా దేనియందును సార్థకము కాలేదు.

ఇది మహానగరముల జాడ్యమనియు, మనవంటివారికి దీనితో పని లేదనియు కొందరు తలంపవచ్చును. అట్లు తలంచుట పొరపాటు. జహీరాబాదు చెంతనున్న కోహీరు నుదాహరణముగా దీసికొందము. జేగురునేలలకును జామతోటలకును పేరువడిన ఊరది. చలికాలమున రాష్ట్రమందెల్ల తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోటుగా తరచు పత్రికల కెక్కుచుండును. వికారాబాదునుండి పర్లికి పోవు రైలుమార్గమున 'కోహీర్ దక్కన్' అను స్టేషను గలదు. హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ఇట్టి చోట గొప్ప సినిమాహాలులో కూర్చుండవలెనన్న ప్రయాణము తప్పదు. కనుక ఇంటనే హాలువంటిది యమర్చుకొనవలెనను కోరిక నగరవాసికంటె ఇచ్చటి గృహస్థునకే సహజము. అదిగాక టెలివిజనులు పలుచబడినకొలది వానిలోని స్పీకర్లు కుదించుకపోయి, పాత్రల మాటలు స్పష్టముగా వినబడుట తగ్గినది. వేరుగా స్పీకర్లు తెచ్చుకొనుట యిట్టియెడ విలాసము కాదు, అవసరమే.

కావున మా యాక్షేపణ మొదటి కొనుగోలుపై గాదు; దాని వెనుక వరుసగట్టి వచ్చు రెండవ, మూడవ, నాలుగవ కొనుగోళ్లపై. ఇవి చెరకు అమ్మిన సొమ్ముతో, అల్లపు పంట మిగిల్చిన రొక్కముతో జరుగుచున్నంతవరకు కొంత నయము. నెలసరి వాయిదాలు వచ్చిన పిమ్మట ఇంకను చేతికి రాని పంటసొమ్ము ముందుగానే స్పీకర్లపాలగుచున్నది. పెట్టె పాతబడినను వాయిదా పాతబడదు. బోరుబావి మోటారునకు, బిడ్డ చదువునకు, ఇంటి కప్పునకు చేరవలసిన ధనమిది. ఇట్టి వ్యయమున కింటిలో నెంత సుఖము పెరుగుచున్నదో లెక్కచూచుట గృహస్థులకు విధి.

ఈ వ్యామోహము నిన్న పుట్టినది కాదు. 1877లో ఎడిసను ధ్వనిని పట్టు యంత్రమును కనిపెట్టెను. 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ గానము గ్రామఫోను రికార్డున కెక్కెను. ఆ రికార్డుల యొక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పాడదు. మన నాటకపద్యము లా కొలది నిమిషముల యెడములో నిమిడి యూరూర మ్రోగినవి. గరగర శబ్దముతోనే జనులు తన్మయులైరి. 1915 మొదలు సుమారు పదియేండ్లపాటు ఎడిసను కంపెనీవారు అమెరికాలో ఒక విచిత్రమైన పరీక్ష నడపిరి. వేదికపై గాయని యొకప్పుడు తాను పాడును, ఒకప్పుడు యంత్రమును పాడనిచ్చును. దీపము లార్పినప్పుడు పాడునది మనిషియో యంత్రమో తమకు తెలియలేదని సభికులు పెక్కుమంది చెప్పిరి. కంపెనీవారి ప్రచారము దీనిలో కొంత కలదనుట నిజమే. అయినను నేడు మనము విని నవ్వుకొను యంత్రమే యానాటివారి చెవికి సాక్షాత్తు మానవకంఠమైనది. సంతృప్తి యంత్రములో నుండునది కాదు. యంత్రమునకును మన యెదురుచూపునకును గల సంబంధములో నుండునది.

పిమ్మట మెట్టుమీద మెట్టుగా యంత్రము లెదిగినవి. 1925లో విద్యుత్సాధనములతో ధ్వనిముద్రణ మారంభమైనది. 1948లో లాంగుప్లే రికార్డును, 1963లో కాసెట్టును, 1982లో కాంపాక్టు డిస్కును వచ్చినవి. వీనిలో ప్రతి యొక్కటియు నిజముగా గొప్ప మేలు చేసినది. గరగర పోయినది, నిడివి పెరిగినది, సామాన్యునకు సంగీత మందుబాటైనది. సినిమాలయందును అట్లే. తెలుగున మొదటి టాకీయగు 'భక్తప్రహ్లాద' 1932లో వెలువడినప్పుడు తెర పలుకుటయే యద్భుతము. 1992లో డాల్బీ డిజిటల్ సినిమాహాళ్లకు వచ్చి ప్రేక్షకుని చుట్టును ఆరు విధములుగా ధ్వనిని పంచినది. 2012లో అట్మాస్ వచ్చి తలపైనుండి గూడ ధ్వనిని కురిపించినది. 2015లో 'బాహుబలి' మొదటిభాగ మా ధ్వనితోనే వచ్చినది. ఈ హాలు ఏర్పాటునే యింటికి దింపిన యెడల చుట్టును ఏడు, నేలపై నొకటి, కప్పున నాలుగు, వెరసి పండ్రెండు పెట్టెలగును. వినువానికి చెవులు మాత్రము రెండే.

ఒక వస్తువు మరియొక దాని నెట్లు రప్పించునో మన పెద్దలు కౌపీనసంరక్షణపు కథలో చెప్పియున్నారు. సన్యాసి గోచిని ఎలుక కొరికినది. ఎలుకకై పిల్లి, పిల్లికి పాలకై ఆవు, ఆవును మేపుటకు మనిషి, తుదకు సంసారమే వచ్చిపడినది. ఫ్రాన్సు దేశమున దిదెరో అను పండితుడు 1769లో ఇట్టి వ్యాసమే వ్రాసెను. ఆయనకు క్రొత్త యంగరఖా యొకటి లభించెను. దాని శోభముందు పాత కుర్చీ, పాత బల్ల, పాత చిత్రపటములు వెలవెలపోగా, ఒక్కొక్కటిగా నన్నిటిని మార్చి, తుదకు తన పాత యంగరఖాను తలంచుకొని చింతించెను. హోంథియేటరున జరుగునది సరిగా నిదియే. క్రొత్త టెలివిజనునకు పాత రిసీవరు సరిపడదు. ఏలయన తీగ చివర దూర్చు సందు మారినది. ఆ సందు ఏర్పాటు 2002లో నొకటి, 2009లో నొకటి, 2017లో నొకటిగా మారుచు వచ్చినది. రిసీవరు మార్చినచో స్పీకర్లు దానికి తగవని తోచును. స్పీకర్లు మార్చినచో తీగలు తగవు. గోచి చెడకుండనే సంసారము పెరుగుచున్నది.

అంగడిలో జరుగు పోలిక యీ యగ్నికి ఆజ్యము. కోఠీలోని గుజరాతీగల్లీలో గాని, జహీరాబాదు బజారులో గాని రెండు స్పీకర్లను వెంటవెంట వినిపించినప్పుడు, వానిలో నించుక బిగ్గరగా మ్రోగినదే మేలైనదిగా తోచుట మానవశ్రవణమునకు సహజదౌర్బల్యము. చెవి దానిని బిగ్గరయని గుర్తింపదు. స్పష్టత యనియు, గాంభీర్యమనియు పొరబడును. కనుక రెంటిని సమానస్థాయిలో నుంచి వినిపింపుమని యడుగని కొనుగోలుదారు ధ్వనిని గాక బిగ్గరతనమును కొనితెచ్చుకొనును. అంగడిలో ప్రక్కప్రక్కన విన్న యా భేద మింటికి రాదు. ఇంట పోల్చుట కెదుట రెండవది లేదు గదా!

ఇక వాట్ల సంగతి. ఏబది వాట్ల యంత్రమునకు బదులు నూరు వాట్లది తెచ్చినచో ధ్వని రెట్టింపగునని పలువురు నమ్ముచున్నారు. అది నిజము గాదు. శక్తి రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెళ్లు మాత్రమే. అనగా చెవి యిట్టే గుర్తింపగల స్వల్పభేదము. ధ్వని రెట్టింపుగా తోచవలెనన్న శక్తి సుమారు పదిరెట్లు కావలెను. సామాన్యమైన గదిలో సామాన్యముగా వినునప్పుడు స్పీకరు ఖర్చుచేయునది కొలది వాట్లే. నాణ్యతయందును మేర యిట్టిదే. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకే వినగలదు. వయసు ముదిరినకొలది ఆ పైమేర దిగజారును. విలువైన యంత్రములు కొనగల స్తోమత వచ్చునప్పటికి వానిలోని మిక్కిలి సన్నని ధ్వనులను వినగల చెవి పోవుచుండుట విధివైపరీత్యము. బోస్టను నగరమున నిద్దరు పరిశోధకులు, కాంపాక్టు డిస్కు స్థాయికిని అంతకు మించిన స్థాయికిని గల భేదమును చాటుమాటుగా మార్చిమార్చి వినిపించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. 554 మారులు పరీక్షింపగా సరియైన యుత్తరములు 276. బొమ్మాబొరుసూ వేసి చెప్పినను ఇంతే వచ్చును.

అయిన ధ్వనిని మార్చునది మరేమియు లేదా? కలదు, అది గది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నొక యుపన్యాసశాలలో అధ్యాపకుని మాట బొత్తిగ నర్థము గాకుండెను. పలికిన ధ్వని యైదు సెకండ్లకు పైగా గోడలమధ్య తిరుగుచుండెను. సేబిను అను యువకశాస్త్రజ్ఞుడు రాత్రివేళల ప్రక్కశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, పరచినకొలది మారుమ్రోత యెంత తగ్గుచున్నదో గడియారముతో కొలిచెను. మెత్తలు పెరిగినకొలది మాట తేటపడెను. గదుల ధ్వనిశాస్త్రమునకు పునాది ఆ మెత్తలపైననే పడినది. మన పూర్వులును ఈ మర్మ మెరుగనివారు గారు. గోలకొండ ఫతేదర్వాజా గుమ్మటము క్రింద చరచిన చప్పట్లు కొండపైని బాలాహిస్సారున వినబడుట నేటికిని యాత్రికు లెల్లరు చూచుచున్నదే. అందు విద్యుత్తు లేదు, యంత్రము లేదు, కట్టడమే యంత్రము.

ఈ దృష్టితో మన యిండ్లను పరికింపుడు. మట్టిగోడలు, కట్టెదూలములు, గోనెలు, గాదెలు, నులకమంచములు గల పాతయింట మారుమ్రోత తక్కువ. నేడు సిమెంటుకప్పు, గ్రానైటునేల, అద్దపుకిటికీలు, నునుపైన గోడలు. వీనిలో ప్రతిదియు ధ్వనిని త్రిప్పికొట్టును. ఇట్టి గదిలో పదివేల స్పీకరైనను లక్ష స్పీకరైనను ముందుగా పలికించునది గోడలనే. మాట తెలియక శబ్దము పెంచుదురు. శబ్దము పెరిగినకొలది మ్రోత పెరుగును. మ్రోత పెరిగినకొలది యంత్రముపై నిందపడును. మందమైన తెరలు రెండు, నేలపై నొక జంపఖానా, గోడ కొక పుస్తకాల బీరువా, గోడ నంటక ముందుకు జరిపిన సోఫా చేయు మేలు ఇంకొక రిసీవరు చేయలేదు.

ఈ ప్రాంతమందే ధ్వనిని గూర్చిన వేరొక పాఠము గలదు. ఝరాసంగము మండలమందలి మాచునూరున 2008 అక్టోబరులో సంఘం రేడియో ప్రసారము లారంభించినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన దళితస్త్రీలు దీనిని నడపిరి. రేడియోతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినను, ఇట్టి సంస్థలకు 2006 చివరగాని ద్వారములు తెరువబడలేదు. అనుమతి రాకపూర్వ మేండ్లతరబడి వారు పాటలను, పంటలముచ్చటలను, వైద్యపుచిట్కాలను టేపులపై పట్టి, సంఘముల సమావేశములందు వినిపించుచుండిరి. కమ్యూనిటీ రేడియోకు సామాన్యముగా ననుమతించు ప్రసారశక్తి 100 వాట్లకు మించదు. పట్టణపు టింటిలో ఛానె లొక్కింటికి 100 వాట్లని యట్టపెట్టెపై నచ్చువేసిన రిసీవరు గలదు. ఈ రెండు వాట్లును ఒక్క తీరువి కావని మే మెరుగుదుము. కాని యొకదానితో పల్లెపల్లెకు చిరుధాన్యముల విత్తనములను గూర్చిన మాటలు చేరినవి. రెండవదానితో నొక గదిలో బాంబులు పేలుచున్నవి. వినదగినది లేనప్పుడు వినిపించు సాధన మెంత గొప్పదైన నేమి?

ఈ ప్రశ్నకు ప్రతి యింటను ఉత్తర మున్నది. బతుకమ్మపాటలు నోటికి వచ్చిన యవ్వలు, ఒగ్గుకథ వినిపించు వృద్ధులు మన మధ్య నింకను కొందరు గలరు. వారి కంఠములను పట్టుటకు చేతిలోని ఫోను చాలును. వారు గతించిన పిమ్మట ఆ ధ్వనిని మరల తెచ్చిపెట్టు యంత్రము ఏ యంగడియందును దొరకదు. లక్షరూపాయల స్పీకర్లు గలిగియు తాతగారి గొంతు నిమిషమైన లేని యిల్లు ధ్వనివిషయమున పేదయిల్లే.

కావున గృహస్థులకు మేము మనవి చేయునది స్వల్పము. మాట తేటగా వినబడు సాధనము నొకమారు విచారించి కొనుడు. కొన్నదానిని గదిలో సరియైన చోట నమర్చుడు. పాత్రల మాటలు పలుకు నడిమి స్పీకరును చెవియెత్తున నుంచుడు. గది నంతయు చక్కబెట్టిన పిమ్మటగాని యంత్రమును నిందింపకుడు. ఆ పిమ్మటను మార్పు కావలెనని తోచినచో ఒక సంవత్సర మాగుడు. ఏ సినిమాలో, ఏ పాటలో, ఏ లోపము వినబడినదో కాగితముపై వ్రాసికొనుడు. కాగితము ఖాళీగా నున్నచో లోపము మీ చెవిలో లేదు, యంత్రములో లేదు. అంగడివాని మాటలో నున్నది. వ్రాతలో నిజముగా లోపము కనిపించినచో దానికి తగినదే కొనుడు, వాయిదాపై మాత్రము కొనకుడు.

వినుట యొక విద్య. అది కొనబడదు, అలవడవలెను. ఒకే పాటను పదిమారులు శ్రద్ధగా విన్నవానికి పదవమారు వినబడునది, పది యంత్రములపై నొక్కొక్కమారు విన్నవానికి వినబడదు. ధనము పెట్టెలపై వెచ్చించుటకు ముందు దినమున కొక గడియ చెవిపై వెచ్చింతుముగాక.