కేబుల్ రిలీజ్: పేరు కాదు, పిన్ను చూసి కొనాలి

రాజమహేంద్రవరం: కెమెరా కొనడానికి పది కొట్లు ఎక్కి దిగేవారు సైతం దానికి తగిలించే తీగ దగ్గరికి వచ్చేసరికి ‘‘కెనాన్‌ది ఒకటి ఇవ్వండి’’ అని ఊరుకుంటారు. తిప్పలన్నీ అక్కడే మొదలు. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే పిన్ను పట్టదు. పట్టినా బటన్ పలకదు. దీపావళి రాత్రి ఏడాదికి ఒక్కటే. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్లీ 2027లో. తీగ మార్చుకుని వచ్చేసరికి తీయవలసిన దృశ్యం కాస్తా దాటిపోతుంది.

కేబుల్ రిలీజ్ అంటే కెమెరాను ముట్టుకోకుండా షట్టర్ నొక్కే సాధనం. ఈ తరం వాళ్లు వైర్డ్ రిమోట్ అంటున్నారు. చీకట్లో ఫొటో తీయాలంటే షట్టర్ సెకన్ల తరబడి తెరిచి ఉండాలి. స్టాండు మీద ఎంత గట్టిగా బిగించినా వేలు పడగానే కెమెరా వెంట్రుకవాసి కదులుతుంది. పట్టపగలు సెకనులో 500వ వంతులో తీసే ఫొటోలో ఆ కదలిక కనబడదు. రాత్రిపూట మాత్రం దీపాలు చుక్కల్లా ఉండక తోకలు తొడుక్కుంటాయి.

గోదావరి గట్టున నిలబడి ఆర్చి వంతెన మీద రైలు పోవడాన్ని ఫొటో తీయాలని ఉబలాటపడే ఔత్సాహికులకు ఈ తీగ లేనిదే పని జరగదు. వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. రైలు కొవ్వూరు వైపు నుంచి ఇవతలికి వచ్చేదాకా షట్టర్ తెరిచి ఉంచితే పెట్టెల దీపాలన్నీ కలిసి నీటి మీద ఒకే వెలుగు గీత అవుతాయి. అందుకు నిమిషాలు పడుతుంది. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం 30 సెకన్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఉండేది ‘బి’ గుర్తు. నొక్కి ఉంచినంతసేపు తెరిచి ఉంటుంది, వదలగానే మూసుకుంటుంది. అన్ని నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే వచ్చే ఫొటో సంగతి చెప్పనక్కర్లేదు.

‘బి’ అంటే కరెంటు బల్బు అనుకునేవారు ఉన్నారు. అది రబ్బరు బుడ్డి. వెనకటి చెక్క కెమెరాల షట్టర్లకు సన్నటి రబ్బరు గొట్టం, దాని కొసన బుడ్డి ఉండేవి. బుడ్డి పిసికితే గాలి పోయి షట్టర్ తెరుచుకునేది. వదిలితే మూసుకునేది. బుడ్డి పోయినా పేరు మిగిలింది.

లోపల మూడే తీగెలు

ఇప్పటి రిమోట్‌లో గాలితో పని లేదు. లోపల మూడు సన్నని తీగెలు. ఒకటి ఉమ్మడిది. బటన్ సగం నొక్కితే రెండోది దానికి తగిలి ఫోకస్ అవుతుంది. పూర్తిగా నొక్కితే మూడోది తగిలి షట్టర్ పడుతుంది. ఇందులో కంపెనీ మహత్తు ఏమీ లేదు. కొన్ని వందలకు దొరికే తీగ కూడా వేలు పోసి కొన్న తీగ చేసే పనే చేస్తుంది. తేడా వచ్చేది కొసన ఉండే పిన్నులో.

ఈ పిన్ను ఒకే కంపెనీలోనూ ఒకే తీరుగా ఉండదు. కెనాన్ సంగతే చూస్తే, చిన్న తరహా కెమెరాలకు గుండ్రటి 2.5 మిల్లీమీటర్ల పిన్ను. చూడటానికి ఇయర్‌ఫోన్ పిన్ను తమ్ముడిలా ఉంటుంది. దీని రిమోట్ పేరు ఆర్ఎస్-60ఇ3. పెద్ద తరహా వాటికి ఎన్3 అనే వేరే సాకెట్, దానికి ఆర్ఎస్-80ఎన్3. పెద్ద కెమెరాకు పెద్ద పిన్ను అని గుడ్డిగా అనుకున్నా చిక్కే. 2020లో ఒకేసారి ప్రకటించిన ఆర్5, ఆర్6 కెమెరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఆర్5కు ఎన్3, ఆర్6కు గుండ్రటి పిన్ను. ఒకదాని తీగ రెండోదానికి పనికి రాదు.

నికాన్‌లోనూ ఇదే వరస. డి700, డి850 వంటి వాటికి పది పిన్నుల గుండ్రటి సాకెట్, దానికి ఎంసి-30ఎ. డి5600, డి7500, డి750 వంటి వాటికి పక్కన మూత కింద చిన్న పలక సాకెట్, దానికి ఎంసి-డిసి2. డి3500 కొన్నవారైతే తీగ కోసం తిరగడమే దండగ. దానికి ఆ సాకెట్టే లేదు. సోనీ ఆల్ఫాలలో చాలావాటికి పాత ఫోన్ చార్జర్ మాదిరి పిన్ను సరిపోయే మల్టీ సాకెట్ ఉంటుంది, దానికి ఆర్ఎం-విపిఆర్1 రిమోట్.

కాబట్టి కొట్టుకు వెళ్లేటప్పుడు కెమెరాను వెంట తీసుకువెళ్లాలి. పుస్తకంలో విడి పరికరాల పేజీ తెరిచి రిమోట్ నంబరు రాసుకుంటే ఇంకా మేలు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు బొమ్మ చూసి మోసపోకుండా తమ మోడల్ నంబరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

కొట్లోనే నొక్కి చూడాలి

పిన్ను సరిపోయాక చూడవలసింది బటన్. సగం నొక్కు, పూర్తి నొక్కు వేలికి వేర్వేరుగా తెలియాలి. నాసిరకం వాటిలో రెండూ కలిసిపోయి, ఫోకస్ చేద్దామనుకునేలోగా ఫొటో పడిపోతుంది. తరవాత తాళం. కెమెరాను ‘బి’లో పెట్టి, బటన్ నొక్కి ముందుకు జరిపి, చేయి వదిలేసి ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. షట్టర్ మధ్యలో మూసుకుందా, ఆ తీగ వద్దు. తాళం వెనక్కి తీసినా మూసుకోకపోతే అదీ వద్దు. చివరగా పిన్ను మెడ. తీగ తెగేది ఎక్కువగా అక్కడే. రబ్బరు తొడుగు మందంగా ఉండాలి, ఇటూ అటూ వంచితే షట్టర్ తనంతట తాను పడకూడదు.

తెర మీద అంకెలు కనబడే టైమర్ రిమోట్‌లు అందరికీ అక్కర్లేదు. నక్షత్రాల జాడలు తీయడానికి రాత్రంతా వరసగా ఫొటోలు కావలసిన వారికి అవి బంగారం. బాణసంచాకు, వంతెన దీపాలకు మామూలు బటన్ చాలు. చేతి గడియారం ఉండనే ఉంది.

తీగ ఆపలేనివి

మంచి తీగ కొన్నా ఫొటో అదిరిందని వాపోయేవారు ఉన్నారు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద స్టాండు వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన రోడ్డు, కింద పట్టాలు. కింద రైలు పోతున్నంతసేపూ పైన నేల వణుకుతుంది. ఆ వణుకును ఏ రిమోటూ ఆపలేదు. ఒడ్డున గట్టి నేల చూసుకోవాలి. పట్టాల దగ్గరికి పోవడం మాత్రం చట్టరీత్యా నేరం.

నదిగాలి మరో శత్రువు. వేలాడే తీగ గాలికి ఊగి కెమెరానే ఊపుతుంది. స్టాండు కాలికి రబ్బరు బ్యాండుతో కట్టేస్తే సరి. అద్దం ఉన్న డిజిటల్ కెమెరాల్లో అద్దం లేచే కుదుపు ఒకటి. మిర్రర్ లాకప్ పెట్టి ఒకసారి నొక్కితే అద్దం లేస్తుంది, రెండు సెకన్లు ఆగి మళ్లీ నొక్కితే షట్టర్ పడుతుంది. చీకట్లో లెన్సు ఫోకస్ కోసం వెతుక్కుంటూ ఉండిపోతే బటన్ ఎంత నొక్కినా ఫొటో పడదు. ముందే ఫోకస్ చేసి మాన్యువల్‌లోకి మార్చుకోవాలి.

మూడు నిమిషాల ఫొటో పడ్డాక కెమెరా మరో మూడు నిమిషాలు మొరాయిస్తే తీగ చెడిందని కంగారుపడనక్కర్లేదు. మచ్చలు తుడిచే ‘నాయిస్ రిడక్షన్’ సదుపాయం ఆన్‌లో ఉంటే అంతే సమయం తీసుకుంటుంది. వెనకాలే ఇంకో రైలు వస్తుందనుకుంటే దాన్ని ముందుగా ఆపేయాలి.

ఇక పాత స్టూడియోల బీరువాల్లో గుడ్డ తొడుగుతో, కొసన మర ఉన్న ఉక్కు తీగలు ఇప్పటికీ కనబడుతుంటాయి. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటి కెమెరాల బటన్ నడుమ మర తిప్పి బిగించే తీగలు ఇవి. బ్యాటరీతో, సాకెట్‌తో నిమిత్తం లేదు. వాటిని పారేయకూడదు. ఫ్యూజీ ఎక్స్-టి3, ఎక్స్-టి4 వంటి డిజిటల్ కెమెరాల బటన్‌లోనూ అదే మర ఉంది. తాతల నాటి తీగ వాటికి చక్కగా పడుతుంది.