కంప్యూటరులో తేదీల లేఖనము

తాళపత్ర గ్రంథముల చివర 'వికారి' యను సంవత్సరనామము మాత్రమే యున్నచో కాలనిర్ణయము జరుగదు. అరువది యేండ్లకు ఒకమారు నామము మరల వచ్చును గనుక, అది 1899లో మొదలైన వికారియో, 1959లోనిదో నిశ్చయింపజాలము. శకవర్షము తోడైనప్పుడే సందేహము తొలగును. నేడు గ్రంథసూచికలను కంప్యూటరున కెక్కించువేళ ఈ చిక్కే వేరొక రూపమున ఎదురగుచున్నది. 1991లో వెలువడిన పైథాన్ భాష ఆధారముగా దీనిని వివరించెదము.

పైథాన్ తేదీని వట్టి వ్రాతగా గాక, సంవత్సరము, నెల, దినము, గంట, నిమిషము మున్నగు భాగములు గల విలువగా భద్రపరుపగలదు. ఆ విలువను కోరిన వ్రాతగా మార్చు క్రియ 'ఎస్‌టిఆర్‌ఎఫ్‌టైమ్'. వ్రాతను చదివి విలువగా గ్రహించునది 'ఎస్‌టిఆర్‌పిటైమ్'. రెండింటికిని శాతపు గుర్తుతో మొదలగు సంకేతములే ఆధారము. ఆ గుర్తు వెంట చిన్నబడి 'డి' దినమును, చిన్నబడి 'ఎమ్' నెలను, పెద్దబడి 'ఎమ్' నిమిషమును తెలుపును. పెద్దబడి 'వై' సంవత్సరమును పూర్తిగా తెలుపగా, చిన్నబడి 'వై' చివరి రెండంకెలనే తెలుపును.

ప్రమాద మిచ్చటనే కలదు. ఒక పత్రికాసంచికపై 05-04-57 అని యున్నదనుకొందము. చిన్నబడి 'వై'తో చదివించినచో పైథాన్ 69 మొదలు 99 వరకు గల అంకెలను 1969–1999గాను, 00 మొదలు 68 వరకు గలవానిని 2000–2068గాను గ్రహించును. కావున 1957 నాటి సంచిక 2057వ సంవత్సరమున చేరును. యంత్రము దోషమని హెచ్చరింపదు. అట్లే 05-04 అనునది ఏప్రిల్ 5 అగునో, మే 4 అగునో మనమిచ్చిన సంకేతక్రమమును బట్టియే యుండును.

కావున తేదీ వేరు, దాని వ్రాత వేరు అని గుర్తింపవలెను. సూచికయందు 1957-04-05 అని, సంవత్సరము, నెల, దినము అను వరుసలో వ్రాయుట మేలు. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణము విధించిన క్రమమిదియే. ఇట్లు వ్రాసినవానిని అంకెల వరుసలో పేర్చినను కాలక్రమము చెడదు. పాఠకునికి చూపునప్పుడు ఏ రూపమున నైనను చూపవచ్చును. మూలమున నున్న వ్రాతను మాత్రము మార్పక వేరొక గడిలో నిలుపవలెను. పాఠమును, దానిపై మన నిర్ణయమును వేరుగా నుంచుట పరిష్కర్తలకు క్రొత్త నియమము కాదు.