స్టీరింగు వణకుటకు మూలమెచ్చట?

నున్నని రహదారిపై గంటకు 100 కిలోమీటర్ల వేగమున సాగుచున్న కారులో, ఎదుట గేదెయో లారీయో అడ్డము రాగా బ్రేకు త్రొక్కినంతనే, అంతవఱకు చేతులలో నిశ్చలముగ నుండిన స్టీరింగు గజగజ వణకి, వేగము తగ్గగనే ఏమియు నెఱుగనట్లు శాంతించుట బండి నడుపువారిలో పెక్కురకు అనుభవమే. షెడ్డుకు గొనిపోయినచో వెంటనే వినవచ్చు మాట "డిస్కు బెండొచ్చింది సార్, మార్చెయ్యాలి" అనునది. ఈ నిర్ణయము తొందరపాటుదని నా దృఢవిశ్వాసము. డిస్కు నిజముగ వంగుట అరుదు. తెగులు తఱచుగ డిస్కునందుగాక, అది కూర్చుండు పీఠమునందు పుట్టును. ఇది తేటపడుటకు ఆ యినుప బిళ్ళ పూర్వకథ కొంత తెలియవలెను.

బర్మింగ్‌హామునందు కార్లు నిర్మించుచుండిన ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఆంగ్లేయ యంత్రనిపుణుడు 1902లో డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. చక్రముతోపాటు తిరుగు లోహఫలకమును ఇరువైపులనుండి పటకారువలె పట్టి నిలుపవలెననునది అతని ఊహ. ఊహ నిర్దుష్టమే గాని, ఒరయుటకు అతడెన్నుకొనిన రాగి ఆ ఫలకముపై రాచునపుడు పుట్టిన కీచుధ్వని దుస్సహమయ్యెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సునందు లూయీ రెనో రూపొందించిన డ్రమ్ము బ్రేకు, అర్ధశతాబ్దము నిరాటంకముగ రాజ్యమేలెను.

అయినను డ్రమ్మున కొక స్వభావసిద్ధమైన లోపము కలదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, తన్ను ఒత్తు షూలకు దూరముగ జరుగును. డిస్కు వ్యాకోచించినచో ప్యాడ్లకు మఱింత చేరువగును, పైగా గాలికి తెఱపియై యుండుటచే త్వరగ చల్లారును. ఈ తారతమ్యము లోకమునకు ప్రత్యక్షమైనది 1953లో, ఫ్రాన్సునందలి ల మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అను వారిరువురు నడిపిన జాగ్వార్ సి-టైపు కారు, డన్‌లప్ వారి డిస్కు బ్రేకుల బలమున, ప్రత్యర్థులకంటె మలుపునకు మిక్కిలి దగ్గఱవఱకు వేగము వీడక దూసికొనిపోయి, గంటకు సరాసరి 170 కిలోమీటర్ల వేగమున గెలుపొందెను. 1955లో పారిస్ ప్రదర్శనమున వెలువడిన సిట్రోయెన్ డి.ఎస్. కారుతో, ఈ పందెపు గుఱ్ఱపు సాధనము గృహస్థుల బండ్లకును వచ్చినది.

ఈ సాధనము మోయు భారమెంతటిదో యోచింపుడు. 1,200 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కమాఱు ఆగునపుడు వెలువడు ఉష్ణము, లీటరున్నర చన్నీటిని మరగించుటకు చాలును. అందు అధికభాగమును ముందు చక్రముల డిస్కులే క్షణములలో మ్రింగవలెను. అట్టి డిస్కు మందములో 0.02 మిల్లీమీటరు తేడా, అనగా తలవెండ్రుక మందములో మూడవవంతైన లేని తేడా, ఏర్పడినను చేతికి తెలియును. దళసరి భాగము ప్యాడ్ల నడుమకు వచ్చినపుడు పట్టు బిగియును, పలుచని భాగము వచ్చినపుడు సడలును. 100 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు పదునాలుగు, పదునైదు మాఱులు తిరుగును గనుక, ఆ బిగియుట సడలుటలును అన్ని మాఱులు జరుగును. ముందు చక్రములను మోయు సస్పెన్షనునకు సహజమైన కంపనసంఖ్యయు ఆ దరిదాపులనే యుండుటచేత, ఉయ్యాలను దాని లయనెఱిగి తట్టినట్లు అల్పమైన యా ప్రేరణ పెద్దదియై, టైరాడ్ల వెంట ప్రాకి స్టీరింగును చేరును. వేగము తగ్గగనే లయ తప్పును, వణకు మాయమగును.

మఱి ఆ తేడా ఎట్లు పుట్టును? నన్ను అత్యంతము ఆశ్చర్యపఱచిన విషయ మిదియే: తెగులు పెరుగునది బ్రేకు త్రొక్కినపుడుకాదు, త్రొక్కనపుడు. హబ్బుపై త్రుప్పు పెచ్చొకటి మిగిలియుండగా దానిమీదనే డిస్కును బిగించినచో, లేక నట్లను అసమానముగ బిగించినచో, డిస్కు రవంత ఓరగా కూర్చుండును. కుదురుకడ వెండ్రుకవాసి లోపము అంచుకడకు వచ్చుసరికి ఇంచుమించు రెట్టింపగును. అట్లు ఓరగా తిరుగు డిస్కు ప్రతి చుట్టునందును ఒకే తావున ప్యాడును తాకుచు, వేలకొలది కిలోమీటర్ల ప్రయాణములో ఆ తావున సన్నగిల్లును. కాగిన బ్రేకులతో బండి నాపి పెడలును అట్లే అదిమియుంచినచో, ప్యాడు పదార్థము డిస్కుపై మచ్చవలె అంటుకొనుటయు మఱియొక కారణము.

ఒకప్పుడు నా కారునకు డిస్కులు రెండును మార్పించితిని. కొన్ని నెలలకే వణకు తిరిగి వచ్చినది. ఈసారి వృద్ధుడగు వేఱొక మేస్త్రీ నాతో బండిలో కూర్చుండి, బ్రేకు త్రొక్కకయే వణకుచున్నదేమో మొదట చూచెను. అట్లైనచో అది చక్రముల బ్యాలెన్సింగు దోషము. వణకు సీటులో తోచుచున్నదా, స్టీరింగులోనా యని అడిగెను. సీటులోనైనచో వెనుక బ్రేకులను శంకింపవలెను. పిమ్మట జాకీపై లేపి, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు వదులు కాలేదని నిశ్చయించుకొని, డిస్కును నట్లతో బిగించి, డయల్ గేజి ముల్లును అంచుకడ నానించి మెల్లగ త్రిప్పెను. 0.05 మిల్లీమీటరుకు లోబడి యుండవలసిన ఊగు అందుకు రెట్టింపున్నది. మైక్రోమీటరుతో ఎనిమిది చోట్ల మందము కొలిచి సుద్దముక్కతో గుఱుతులు పెట్టెను.

"డిస్కు తప్పు కాదండీ, దాని కింద చూడండి" అని అతడు డిస్కు నూడదీసి చూపగా, హబ్బు ముఖముపై త్రుప్పు పొరలుగట్టి యుండెను. తీగబ్రష్షుతో లోహము తళతళలాడువఱకు దానిని తోమి, అంచుమీద చెక్కిన కనీస మందమునకు పైననే యున్నందున పాత డిస్కునే లేతుపై పలుచగ చెక్కించి, కాలిపరు పిన్నులకు గ్రీజు పూసి, నట్లను ఒకదాని కెదురొకటిగా టార్కు రెంచితో బిగించెను. ముల్లు ఈసారి రెండు గీతలు మాత్రమే కదలినది.

కొండదారుల ప్రస్తావన రాగా, తిరుమలనుండి దిగునపుడు బండిని రెండవ గేరులో ఇంజను పట్టుమీద దింపవలెనేగాని, బ్రేకుపై కాలుంచి దింపరాదని గట్టిగ చెప్పెను. ఊరి వెలుపలి నిర్జనమార్గమున, 60 కిలోమీటర్ల వేగమునుండి పదికి తగ్గించుచు, పూర్తిగ ఆపక, నడుమ నడుమ చల్లారనిచ్చుచు పదిసారులు బ్రేకు త్రొక్కించెను. తిరిగివచ్చి దిగి చూడగా, డిస్కు ముఖమంతట ఒకే బూడిదరంగు పొర, మచ్చలేకుండ సమముగ పఱచుకొని యుండెను.