బహువ్యక్తిత్వ కథాచిత్రములలో భాషాసూచన

ఉప్పలు మండలమందలి నాచారమున నందమూరి తారకరామారావు 1976లో నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో తెలుగు చలనచిత్రమున బహుపాత్రాభినయమునకు ప్రసిద్ధస్థాన మయ్యెను. అచ్చట రూపొందిన 'దానవీరశూర కర్ణ' (1977)లో ఆయన కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలను మూడింటిని ధరించెను. ఆ సంస్థయే వెలువరించిన 'శ్రీమద్విరాటపర్వము' (1979)లో ఆయన ధరించిన పాత్ర లైదు. ఆ యైదింట అర్జునుడును బృహన్నలయు వేఱువేఱుగా లెక్కింపబడుట గమనింపదగినది. కథలో వా రిరువురు నొక్కరే కదా!

బహుపాత్రాభినయము వేఱు, బహువ్యక్తిత్వము వేఱు. మొదటిదానియందు నటు డొక్కడు, మనుష్యులు పలువురు. ఈ సంగతి ప్రేక్షకు డెఱుగును, కథలోనివా రెఱుగరు. రెండవదానియందు మనుష్యు డొక్కడే. అతనిలో పలువురు మెలగుచున్నా రని కథలోనివారు కనుగొనుటయే కథ. రూపసంశయము మన సాహిత్యమునకు క్రొత్త కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి రంభారూపమును, మణికంధరుడు నలకూబరరూపమును దాల్తురు. అచ్చట రూపము మాఱినను మనస్సు మాఱదు. ఈ చిత్రములలో మాఱునది మనస్సు; రూపము యథాతథముగా నుండును. కావున ఆ మార్పును తెలుపుటకు దర్శకునకు గుర్తొకటి కావలయును.

శంకర్ దర్శకత్వమున 2005లో వచ్చిన 'అపరిచితుడు'లో ఆ గుర్తు కేశవేషములు, కంఠస్వరము. ఇది సులభమార్గము. ఇంతకంటె సూక్ష్మమైనది భాష. ఫాజిల్ మలయాళమున తీసిన 'మణిచిత్రతాళ్' (1993)లో ఆవేశము వచ్చిన గృహిణి తమిళనర్తకి యై తమిళము పలుకును. ఆ కథనే పి. వాసు 2004లో కన్నడమున, 2005లో తమిళమున 'చంద్రముఖి' యను పేర తీయగా, ఆ రెంటను నర్తకి పాట తెలుగైనది. తమిళచిత్రము తెలుగులోనికి అనువదింపబడినపుడు అదే పాట తమిళమైనది! మలయాళికి తమిళము, తమిళునకు తెలుగు, తెలుగువానికి తమిళము: తనలోని పరవ్యక్తి యెల్లపుడును పొరుగుభాషయే మాటాడును. పూర్తిగా తెలియని భాషయైనచో ప్రేక్షకునకు భయమే కాని బాధ తెలియదు; కొంత తెలిసిన భాష కావుననే రెండును కలుగును. అనువాదకులు మాటలను గాక అన్యత్వమును అనువదించి రనుట యుక్తము.

ఇది దయ్యమా, వ్యాధియా? అమెరికా మనోవైద్యుల వ్యాధినిర్ణయగ్రంథము 1994లో 'బహువ్యక్తిత్వ' మను పేరును విడిచి, వ్యక్తిత్వము విచ్ఛిన్నమగుటను సూచించు పేరు పెట్టెను. 2013 నాటి కూర్పులో, కొన్ని సంస్కృతులయందు ఈ లక్షణము ఆవేశముగా వర్ణింపబడవచ్చు నని చేర్చిరి. ఐనను జాతరలో పూనకమును వ్యాధి యనరాదు. ఆచారమున అంగీకృతమైనది, బాధ కలిగింపనిది దీనిలో చేరదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. మన చిత్రములు ఈ భేదమును పాటింపవు. 'చంద్రముఖి'లో వైద్యుడు రోగిణికి పగ తీరినట్లు భ్రమ గొల్పి ఒక్క రాత్రిలో నయము చేయును. నాటకముగా ఇది రమ్యము, వైద్యముగా నమ్మరాదు. నిజమైన చికిత్స సంభాషణప్రధానము, దీర్ఘకాలికము. ఇట్టి చిత్రములను చూచి రోగిని మంత్రగానికడకు గొనిపోవు కుటుంబమునకు ఈ తేడా చిన్నది కాదు.

ప్రశాంత్ వర్మ 'అ!' (2018) మార్గము వేఱు. ఒక్క స్త్రీలోని పలువురకు పలువురు నటులను నియమించుటచే అచ్చట భాషాసూచనతో పని లేదు. నాచారపు పద్ధతి తలక్రిందైనది. పలువురను చంప సంకల్పించిన కాళి, చంపదలచినది తనలోనివారినే యని తుదకు తెలియును.