తిరుమలగిరి చర్చి

తెలంగాణములో తిరుమలగిరి యను పేరుగల ఊళ్లు అనేకములు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరు చెంత నొకటి కలదు. సూర్యాపేట ప్రాంతమున మరియొకటి కలదు. ఇక్కడ చెప్పబోవునది సికిందరాబాదునకు ఉత్తరమున నున్న తిరుమలగిరి. ఇంగ్లీషువారి నోట ఈ పేరు ‘ట్రిమల్గెరీ’ యైనది. నేడు నగరము దానిని నలువైపుల క్రమ్ముకొన్నది గాని, ఒకప్పు డది రాతిగుట్టల నడుమ నొక పల్లె. వేంకటేశ్వరుని కొండపేరు ధరించిన ఆ యూర ఇంగ్లండు గ్రామములలోని దేవాలయములను తలపించు క్రైస్తవ మందిర మొకటి 1860లో వెలసినది. అదియే ఆల్ సెయింట్స్ చర్చి. ఇంటాక్ సంస్థ దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది.

ఇట్టి మందిర మిక్కడ ఏల వచ్చెను? 1798లో నిజాము ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొనెను. దాని ఫలితముగా కంపెనీ సైన్యములు ఈ ప్రాంతమున విడిసినవి. 1806లో ఆ దండుప్రదేశమునకు మూడవ నిజామగు సికందర్ జా పేర సికిందరాబాదు అను పేరు కలిగెను. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను అనువారి నాయకత్వమున హైదరాబాదు ప్రజలు రెసిడెన్సీపై దాడి చేసిరి. ఆ దాడి విఫల మైనను, ఇంగ్లీషువారి గుండెలలో భయము మిగిలెను. ఆపద వచ్చినచో తలదాచుకొనుటకై వారు తిరుమలగిరిలో కందకము త్రవ్వి, కోటవంటి దండును కట్టుకొనిరి. చర్చి కూడ ఆ కాలముననే, ఆ సైనికుల కొరకే పుట్టినది.

అంతకు ముందే, 1847లో, సమీపమున నున్న బొలారములో హోలీ ట్రినిటీ చర్చి వెలసినది. దానికి విక్టోరియా రాణి తన సొంత ధనము నుండి విరాళ మిచ్చినట్లు ప్రతీతి. 1983 నవంబరు 20వ తేదీన, తన వివాహ వార్షిక దినమున, రెండవ ఎలిజబెత్తు రాణి ఈ మందిరములోనే ప్రార్థనకు కూర్చుండెను.

ఈ రెండు మందిరములును గోతిక్ శైలికి చెందినవి. ఈ శైలి పన్నెండవ శతాబ్దమున ఫ్రాన్సులో పుట్టి, ఇంగ్లండునకు వ్యాపించెను. గోతులనగా రోమను సామ్రాజ్యమును కూలద్రోసిన జాతి. తరువాతి కాలపు ఇటలీ పండితులు ఈ కట్టడములు మోటువని పరిహసించుటకై ఆ జాతి పేరును వీనికి తగిలించిరి. తిట్టుగా పెట్టిన పేరే బిరుదుగా నిలిచినది! విక్టోరియా రాణి కాలమున (1837–1901) ఇంగ్లీషువారు ఆ పాతశైలిని మరల ప్రేమించి, తాము పోయిన దేశముల కెల్ల దానిని వెంట గొనిపోయిరి.

ఈ శైలికి ప్రాణము కొనదేలిన కమాను. దాని గుట్టు తెలియుటకు చిన్న ప్రయోగము చాలును. ఇద్దరు బాలురు ఎదురెదురుగా నిలిచి అరచేతులు ఆనించి ముందునకు వాలవలెను. పాదములు దూరముగా నున్నచో అవి వెనుకకు జారిపోవును. దగ్గరగా నున్నచో బరువు నిటారుగా నేలకు దిగును. అర్ధచంద్రాకారపు కమాను మొదటి వరుసను, కొనదేలిన కమాను రెండవ వరుసను పోలును. కొనదేలిన కమాను ప్రక్కలకు త్రోయుట తక్కువ. ఆ మిగిలిన త్రోపును గోడల కానించి వెలుపల కట్టిన రాతి ఊతలు భరించును. కనుక గోడల మందము తగ్గించి, వానిలో ఎత్తైన కిటికీలు పెట్టుటకు వీలు కలిగెను. సూర్యుడు అరుదుగా కనబడు చలిదేశములో వెలుతురు కంటె విలువైన దేమున్నది?

అయితే ఇంగ్లీషువారు ఈ కమానును మన పనివారికి క్రొత్తగా నేర్పిరని తలచుట పొరపాటు. 1591లో కట్టిన చార్మినారు నాలుగు వైపుల నున్న కమానులు కొనదేలినవే. కుతుబ్‌షాహీ సమాధులలోను, మసీదులలోను అవి కోకొల్లలు. చర్చి పటము సీమ నుండి వచ్చియుండవచ్చును. ఆ వంపును రాతిలో నిలుపు నేర్పు మాత్రము ఈ నేల తాపీవారికి రెండున్నర శతాబ్దములకు పూర్వమే కరతలామలకము.

దేశము మారినప్పుడు కట్టడపు భాగముల పని కూడ మారినది. అక్కడ వెలుతురును పిలిచిన కిటికీలు ఇక్కడ ఎండను అదుపు చేయవలసి వచ్చెను. రంగుటద్దములు ఆ పనిని చక్కగా నెరవేర్చును. మధ్యాహ్నపు తీక్ష్ణమైన కాంతి వాని గుండా వడగట్టబడి, మెత్తనై లోపల పడును. మంచు, వాన జారిపోవుటకై ఏటవాలుగా లేపిన పైకప్పు ఇక్కడ వేడిగాలి పైకి పోవుటకు చోటు కల్పించును. చర్చిలలో బలిపీఠము తూర్పుకొసను ఉండుట పూర్వాచారము. అనగా భక్తులు తూర్పునకు తిరిగి ప్రార్థింతురు. మన దేవాలయములలో సాధారణముగా దేవుడే తూర్పునకు తిరిగి యుండును. ఇద్దరికిని ఉదయసూర్యుడే గురుతు.

ఇట్టి పాత కట్టడములకు నేడు శత్రువు వాన కాదు, తెలియక చేసిన మరమ్మతు. పూర్వపు గోడలను డంగుసున్నముతో కట్టిరి. ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద ఇసుకతో కలిపి నూరిన సున్న మది. ఆ సున్నము గోడలోని తేమను మెల్లగా వెలుపలికి విడుచును; రాళ్లు కొంచెము కదలినను తానును సర్దుకొనును. సిమెంటు అట్లు కాదు. పగుళ్లపై సిమెంటు మెత్తినచో పైకి గట్టిగానే కనబడును గాని, తేమ లోపలనే చిక్కుకొని రాతిపొరలను ఊడగొట్టును. సున్నపు గోడకు సున్నముతోనే వైద్యము చేయవలెను.

మరియొక శత్రువు రావిమొక్క. పక్షులు విడిచిన గింజ గోడసందున పడి మొలచును. దానిని పైపైన కోసినచో లాభము లేదు. వేరు లోపల బ్రతికి, మరుసటి వానకు మరింత బలముగా చిగుర్చును. కనుక మొక్క వ్రేలెడంత యున్నప్పుడే వేరుతో పెరికి, ఆ రంధ్రమును సున్నముతో కూరి, తొలకరికి ముందే కప్పుమీది నీటిదారులను శుభ్రము చేయవలసియుండును. ఈ పని ప్రతి యేటను చేయవలసినదే.