తొలి ఎత్తున కొత్తదారి

ఆర్మూరు అంగడిలో పసుపు బస్తాల నీడన ఒక తాతయు, పట్నమున చదరంగము నేర్చిన మనుమడును ఆడుచుండగా మేము చూచితిమి. మనుమడు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపెను. తాత అంచు బంటును ఒక్క గడి జరిపెను. "ఇదేమి ఎత్తు తాతా!" అని మనుమడు నవ్వెను. ఆ నవ్వు న్యాయమేనా?

ఆరంభమున నడిమి బంట్లను నడుపుట పెద్దల బాట. దానివలన నడిమి నాలుగు గళ్లపై పట్టు దొరకును. మంత్రికి, శకటునకు దారి తెరచుకొనును. అంచు బంటు ఈ రెంటిలో దేనిని సాధింపదు.

అయినను 1980లో స్వీడను దేశమందలి స్కారాలో నాటి జగజ్జేత కార్పోవ్ రాజు బంటును నడుపగా, ఇంగ్లండు ఆటగాడు టోనీ మైల్స్ తాత వేసిన ఎత్తునే వేసెను. ఆ అంచు బంటు అండతో ప్రక్క బంటును రెండు గళ్లు నడిపి, దాని వెనుక శకటును నిలిపి, ఏటవాలు దారిని పట్టెను. కార్పోవ్ ఓడెను.

మన పాత పద్ధతిలో బంటునకు తొలి ఎత్తునను ఒక్క గడియే నడక. 19వ శతాబ్ది నడుమ కలకత్తాలో జాన్ కాక్రేన్‌తో ఆడిన మహేశచంద్ర బెనర్జీ గుర్రపు బంటును ఒక గడి జరిపి, ఆ చోట శకటును నిలిపి, నడిమి గళ్లను దూరమునుండి గురిచూచెను. పాత అలవాటే ఇందులకు మూలమందురు. నాడు వింతగా తోచిన ఆ తీరు నేడు ఇండియన్ డిఫెన్సులను పేరున ప్రపంచమంతట చెల్లుచున్నది.

నేటి ఆటగాండ్రు కంప్యూటరు సాయమున ఎన్నియో ఎత్తులను కంఠస్థము చేయుదురు. అరుదైన ఎత్తు ఆ కంఠపాఠమును ప్రక్కకు నెట్టి, ఇరువురను స్వయముగ ఆలోచింపజేయును. ఇదియే దాని లాభము.

నష్టమును కలదు. తెల్లపావులవాడు రాజువైపు శకటు బంటును ఒక గడి, ప్రక్కనున్న గుర్రపు బంటును రెండు గళ్లు నడిపినచో, రాజు బంటును ముందే కదిపియున్న ప్రత్యర్థి మంత్రిని ఏటవాలుగ తెచ్చి, తన రెండవ ఎత్తుననే ఆటకట్టు చేయును. ఇదియు వింత ఎత్తే. కాని లోపల సారము లేదు.

పసుపు వర్తకుడు కొమ్మును విరిచి లోపలి రంగును చూచును. ఎత్తును కూడ అట్లే విరిచి చూడవలెను. ఇది నడిమి గళ్లను ఎట్లు అదుపు చేయును? తరువాత ఏ పావునకు దారి ఇచ్చును? రాజు ముంగిలి భద్రమేనా? మూడింటికి సమాధానమున్నచో కొత్తదారి తొక్కవచ్చును.

మనుమడు ఈ ప్రశ్నలను తాతనే అడిగియుండవలసినది. సమాధానము దొరికినచో ఒక పాఠము నేర్చును. దొరకనిచో ఆట గెలుచును. నవ్వి ఊరకున్నచో రెండును పోవును.