స్త్రీపురుషుల ఆయుర్గణితము



నూఱేండ్లు వర్ధిల్లుమని దీవించుట మన యాచారము. పంచాంగము చూచుట నేర్చినవాడ నగుటచే, ఆయుర్దాయ మనగానే నా యొద్ద జాతకమును విప్పువారు నేటికిని గలరు. నేను చెప్పబోవు గణితము వేఱు. జాతకము ఒక్కనిని గూర్చి పలుకును. ఈ గణితము లక్షమందిని గూర్చి పలుకును గాని, వారిలో ఏ యొక్కనిని గూర్చియు పలుకజాలదు.

దాని పద్ధతి యిట్టిది. ఒక్కనాడు లక్షమంది శిశువులు పుట్టిరని యూహింతురు. దేశమున ఏ వయస్సువారు నూటి కెందఱు మరణించుచున్నారో ఆ నిష్పత్తినే వారికిని వర్తింపజేసి, ఏటేట మిగిలినవారిని లెక్కింతురు. వారందఱు బ్రతికిన యేండ్లను కూడి లక్షచే భాగించినచో సగటు ఆయుర్దాయము తేలును. 1693లో హాలీ యను ఖగోళజ్ఞుడు బ్రెస్లా పట్టణపు చావుపుట్టుకల లెక్కలనుండి యిట్టి పట్టికను కూర్చెను. యౌవనము దాటిన పిమ్మట చావునకు గల యవకాశము చక్రవడ్డివలె పెరుగునని 1825లో గాంపర్ట్జ్ తెలిపెను. అప్పుపత్రములు చూచిన పెద్దలకు ఈ లెక్క వేఱుగా బోధింప నక్కఱలేదు.

స్త్రీలకును పురుషులకును పట్టికలు వేఱుగా కట్టుదురు. మన దేశమున 1970–75 పట్టికలో పురుషునకు 50.5 ఏండ్లు, స్త్రీకి 49. 2016–20 పట్టికలో పురుషునకు 68.6, స్త్రీకి 71.4. దేహప్రకృతిచే ఆడుశిశువే గట్టిది. అట్లయ్యు నాడు స్త్రీ వెనుకబడుటకు పురిటిచావులును, ఆడుపిల్లకు జబ్బు చేసినప్పుడు మనము చూపిన యుపేక్షయు కారణములు. దీనిని దైవముపై నెట్టుట తగదు.

పురుషుని ఆయువును తఱుగజేయునవి పొగాకు, మద్యము, గుండెజబ్బు, రహదారి ప్రమాదములు. మన గోదావరిఖనిలో బొగ్గుగనిని గూడ చేర్తురు. 2003 జూన్ 16న ఇచ్చటి సింగరేణి 7వ ఎల్.ఇ.పి. గనిలో నీరు విఱుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిరి. స్త్రీలను భూగర్భమున పనికి దింపరాదని 1952 గనుల చట్టము శాసించెను. 2019లో గాని అనుమతి రాలేదు. కావున అట్టి చావు పురుషుని వంతే యయ్యెను. అయినను అది గుండెను కలచినంతగా పట్టికను కదల్పదు. పైగా గనిపనికి దృఢకాయులనే యెన్నుకొందురు; పనిలో నున్నంతకాలము వారు తక్కినవారికంటె ఆరోగ్యవంతులుగనే కనబడుదురు. విరమించి స్వగ్రామమున దగ్గుతో కాలము చేసినవాడు గని లెక్కలోనికి రాడు, గ్రామము లెక్కలోనికి రావలెను.

భార్య భర్తకంటె అయిదేండ్లు చిన్నదనుకొనుడు. ఆపై రెండుమూడేండ్లు హెచ్చుగా బ్రతుకును. మోటుగా చెప్పినను ఏడెనిమిదేండ్ల వైధవ్యము. 1998 బొగ్గుగనుల పింఛను పథకము క్రింద వితంతువునకు పింఛను గలదు. అట్టి నిధి యెన్నాళ్లు చాలునో తెలియవలెనన్న స్త్రీల పట్టిక సరిగా నుండవలెను.

చిక్కంతయు ఇచ్చటనే. 1969 చట్టము ప్రకారము ఇంట జరిగిన చావును ఇంటిపెద్ద 21 దినములలో తెలుపవలెను. భూమియో ఉద్యోగమో గల మగవాని చావు పత్రము కొఱకైనను నమోదగును. పేర గుంట భూమియు లేని ముసలవ్వ చావు మఱుగునపడును. వ్రాయని చావులు హెచ్చినకొలది స్త్రీలు దీర్ఘకాలము బ్రతుకుచున్నట్లు భ్రాంతి కలుగును. అందుచేతనే ప్రభుత్వము కొన్ని మాదిరి గ్రామములలో, ఒకరు ఏడాది పొడవున వ్రాసిన లెక్కను, ఆఱు నెలలకొకమారు వచ్చి ఇంటింట నడుగు మఱియొకరి లెక్కతో సరిపోల్చి, తేడా వచ్చినచోట మరల విచారించుచున్నది.

ఇక వయస్సు. ఎనుబది, తొంబది యని గుండుగుత్తగా చెప్పుటచే పట్టిక చెడును. 1948 పోలీసు చర్య నాటికి ఆమె చంటిదా, మేకలు కాయుచుండెనా, కాపురమునకు వచ్చియుండెనా యని తోడివారి నడిగి వ్రాయింపుడు.